ముందు నేల, ఆ తర్వాతే ఇంజిన్

మోడల్ రైలు అనగానే మనవాళ్ల కళ్లు ఇంజిన్ మీదికే పోతాయి. వైడీఎం–4 డీజిల్ ఇంజిన్ బానెట్ మీద గీత ఎంత మందం ఉండాలి, గుత్తి షెడ్డు ఇంజిన్లకు ఏ కాలంలో ఏ రంగు వేశారు, పెట్టె కిటికీకి చువ్వలు ఎన్ని అంటూ గంటలకొద్దీ వాదించుకునేవాళ్లను చూశాను. వేలకు వేలు పోసి తెప్పించిన ఆ ఇంజిన్ చివరికి ఎక్కడ తిరుగుతుందయ్యా అంటే, పచ్చరంగు పూసిన ప్లైవుడ్ మీద. పక్కన నాలుగు జర్మన్ ఇళ్లు, వాటి వెనక ఒక మంచుకొండ. పెళ్లికొడుకుని ముస్తాబు చేసి పందిరి వెయ్యడం మరిచిపోయినట్టుంటుంది.

నా ఉద్యోగమంతా రైల్వేలో పర్మనెంట్ వే విభాగంలోనే గడిచింది. మాకు ఇంజిన్ అంటే వచ్చి పోయేది. ఉండిపోయేవి నేల, కంకర, స్లీపరు, పట్టా, తూము, గేటు గది. అందుకని నా చూపే వేరు. మోడల్ రైలులో నిజం ఎంతుందో నేలను చూస్తే తెలుస్తుంది, గోడను చూస్తే తెలుస్తుంది. ఇంజిన్‌ను కొనుక్కోవచ్చు. మన నేలా మన గోడా ఏ పెట్టెలోనూ రావు. అది మన దురదృష్టమని చాలామంది అనుకుంటారు. నేను అదృష్టమనే అంటాను. దొరకదు కాబట్టే వెళ్లి చూడాలి, కొలవాలి, రాసుకోవాలి. అలా చూడాల్సినవి ఇప్పుడు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి కూడా.

లెక్కలు కొంచెం చెప్పుకోవాలి. ఈ సరదాలో ఎక్కువమంది వాడేది హెచ్ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. ఐదున్నర అడుగుల మనిషి అందులో 19 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ వెడల్పు కూడా సరిగ్గా ఐదున్నర అడుగులే, 1676 మిల్లీమీటర్లు. కాబట్టి పట్టాల మధ్య కూడా 19 పైచిలుకు ఉండాలి. బజారులో దొరికే హెచ్ఓ పట్టాల మధ్య ఉండేది 16.5. అది విదేశాల్లోని 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ లెక్క. దాని మీద మన రైలును నిలబెడితే కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. పట్టింపు ఉన్నవాళ్లు సొంతంగా పట్టాలు వేసుకుంటారు. ఉద్యోగంలో మిల్లీమీటర్ల కోసం గొడవపడ్డ నేను ఇక్కడ మాత్రం ఆ మూడు మిల్లీమీటర్ల తేడానూ వదిలేస్తాను. పక్కనుంచి చూసే కన్ను దాన్ని క్షమిస్తుంది. మట్టి రంగు తప్పితే మాత్రం క్షమించదు. మీటర్‌గేజ్ వేసుకునేవాళ్లకు ఆ బాధే లేదు. స్కేలు ప్రకారం 11.5 రావాలి, 12 దొరుకుతుంది.

నేను కట్టుకుంటున్నది మీటర్‌గేజే. గుంటూరు–గుంతకల్లు దారిలో నల్లమల దాటే ముక్క. గిద్దలూరు దాటాక దిగువమెట్ట, చలమ, బొగద, గాజులపల్లె, ఆ తర్వాత నంద్యాల. 19వ శతాబ్దం చివర్లో వేసిన ఈ లైను 1990ల్లో బ్రాడ్‌గేజ్ అయింది. అడవిలో దారి పక్కకు జరిగింది, రైళ్లు అక్కడి పాత దొరబావి వంతెనను వదిలేసి వెళ్లిపోయాయి. రైల్లో కూర్చుని ఆ దారిన పోయినవాళ్లకు తెలుసు, గంటన్నరలో నేల ఎన్ని రంగులు మారుతుందో. నంద్యాల పక్క నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలిచ్చి బూడిద రంగుకు తిరుగుతుంది, తొలి వాన పడగానే బొగ్గులా నల్లబడుతుంది. గాజులపల్లె దాటి ఘాటు మొదలయ్యేసరికి ఎర్ర గరప నేల. కటింగుల్లో పలకలు పలకలుగా విరిగే రాయి, పగుళ్ల వెంబడి తుప్పు రంగు చారలు. దుకాణాల్లో ‘మట్టి’ అని సీసాల్లో అమ్మే పొడిలో ఇవేవీ లేవు. అది ఏ దేశపు మట్టో కూడా తెలియదు.

అందుకే అసలు మట్టినే తెచ్చుకోవాలి. పిడికెడు చాలు. టీ వడకట్టే జల్లెడలో జల్లించి, పాత పంచె గుడ్డలో మరోసారి జల్లించి, పెనం మీద వేయించాలి. పురుగూ గుడ్డూ ఏమున్నా చస్తాయి. ఆ తర్వాత ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ మట్టిలో తిప్పాలి. మన ఎర్రమట్టిలో ఇనుప రేణువులు కొన్ని దానికి అంటుకుని వస్తాయి. వాటిని తియ్యకపోతే తిరిగే ఇంజిన్ మోటారులోని అయస్కాంతం పట్టుకుంటుంది, ఆ తర్వాత ఇంజిన్ పక్కకు తీసి కూర్చోవాల్సిందే. కింద కొండ ఆకారం కోసం గట్టి ఫోమ్ షీటు చెక్కి, దాని మీద ఆస్పత్రిలో విరిగిన చేతికి కట్టే పీఓపీ పట్టీ తడిపి పరిస్తే సరిపోతుంది. మందుల షాపులో దొరుకుతుంది. ఆరాక మట్టి చల్లి, నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు చుక్క కలిపి మంచులా పిచికారీ చేసి, పల్చటి ఫెవికాల్ నీళ్లు చుక్కలు చుక్కలుగా వదలాలి. సబ్బు లేకపోతే నీళ్లు ముత్యాల్లా దొర్లి మట్టిని పక్కకు నెట్టేస్తాయి.

ఇక్కడే ఒక సంగతి. అసలు మట్టి అతికించాక అసలు కన్నా ముదురుగా కనిపిస్తుంది. జిగురు తడి ఒక కారణం. ఇంకో కారణం దూరం. అరకిలోమీటరు దూరంలో ఉన్న ఎర్ర గట్టును చూడండి, దగ్గరి ఎరుపు అక్కడ ఉండదు. మధ్యలో ఉన్న గాలి, దుమ్ము, వెలుతురు దాన్ని పాలిపోయేలా చేస్తాయి. బల్ల మీది గట్టును మనం రెండడుగుల నుంచి చూస్తున్నాం, కానీ స్కేలు ప్రకారం అది యాభై మీటర్ల పైమాట. ఆ గాలిని మనమే రంగులో కలపాలి. నిజం మట్టి వేసి, దాని పైన కాస్త తెల్లసుద్ద కలిపిన అదే రంగు పొడిని బ్రష్షుతో తేలిగ్గా పామాలి. నిజమైనదాన్ని కాస్త పాడుచేస్తే తప్ప నిజంలా కనిపించదు. కొందరు దీన్ని ఒప్పుకోరు. ఒప్పుకోనివాళ్లు బల్ల మీద కట్టిన లేఅవుట్లు ఫొటోల్లో చూస్తే తేడా తెలిసిపోతుంది.

కంకర సంగతీ అంతే. 50 మిల్లీమీటర్ల రాయి హెచ్ఓలో అరమిల్లీమీటరు దాటి ఉంటుంది, అంతే. బొంబాయి రవ్వ పలుకుకు కాస్త అటూ ఇటూ. ప్యాకెట్లలో వచ్చేది చాలావరకు దీనికి రెండింతలు. దాన్ని పోస్తే గ్యాంగ్‌మెన్ బండరాళ్ల మీద పని చేస్తున్నట్టుంటుంది. (రవ్వే పోసేద్దాం అనుకునేవాళ్లకు ఒక మాట: చీమలకు స్కేలు తేడా తెలియదు.) పట్టా పైభాగం మెరవాలి, పక్కలు తుప్పు పట్టాలి. లూప్ లైను పట్టాకు పైన కూడా మెరుపు తక్కువ. మెయిన్ లైను కంకర కొత్తగా, సైడింగు కంకర మట్టిలో కూరుకుపోయి, మధ్యలో గడ్డి మొలిచి ఉండాలి. ఆ గడ్డి పచ్చగా ఉండకూడదు. విదేశీ కంపెనీలు అమ్మే గడ్డి పీచు వాళ్ల వసంతం రంగులో ఉంటుంది. ఏప్రిల్లో నల్లమల అంచున ఆ రంగు ఎక్కడుంది? గోనెపట్టా పీచును రెండు మిల్లీమీటర్లకు కత్తిరించి చూడండి. ఎండిన బోదగడ్డి రంగు దానికి పుట్టుకతోనే ఉంటుంది.

ఇప్పుడు గోడ. చిన్న స్టేషన్ గది ఒకటి తీసుకుందాం. రాతి గోడ, పైన మంగుళూరు పెంకు, ముందు వరండా. నాలుగు గోడలు కట్టి పసుపు రంగు పూస్తే స్టేషన్ కాదు. చూరు నుంచి వాన నీరు పడే చోట నేల మీద సన్నటి గాడి పడుతుంది. ఆ నీటికి చిందిన ఎర్రమట్టి గోడ అడుగున మోకాలెత్తు దాకా పట్టీలా అంటుకుంటుంది. పైకి పోనుపోను పల్చబడుతుంది. వరండా లోపలి గోడకు ఆ పట్టీ ఉండదు, అక్కడ వాన పడదు కాబట్టి. వరండాలో ఉండేది నూనె మరక. బెంచీకి ఆనుకునే మనుషుల తలలు తగిలి, ఒకే ఎత్తులో వరసగా నల్లబడిన మరకలు. టికెట్ కిటికీ కింద గచ్చు అరిగిపోయి ఉంటుంది. చెయ్యి ఆన్చే రాతి పలక అంచు నున్నబడి ఉంటుంది. మెట్ల పక్క మూలలో కిళ్లీ ఉమ్ములు, వాటిని దాచడానికి పూసిన కావి, ఆ కావి మీద మళ్లీ ఉమ్ములు. ఎర్ర రంగు ఇసుక బకెట్లు. గంటగా వేలాడదీసిన పట్టా ముక్క, కొట్టీ కొట్టీ ఒకవైపు మెరిసిన దాని అంచు. కంచె స్తంభాలుగా పాతిన పాత పట్టాలు. స్టేషన్ మాస్టర్ గారి ముచ్చటకు సున్నం కొట్టిన రాళ్ల వరస, మధ్యలో నూరువరహాల మొక్క. వేపచెట్టు మొదలుకు సున్నం, దాని మీద జేగురు పట్టీ. అట్టముక్క, కాస్త సుద్దపొడి, సన్న బ్రష్షు ఉంటే ఇదంతా ఇంట్లోనే చేసుకోవచ్చు. పెంకులు కావాలంటే ఇప్పుడు త్రీడీ ప్రింటర్లున్నాయి. కానీ ఆ ప్రింటరుకు మరక ఎక్కడ పడుతుందో తెలియదు.

ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఇంట్లో మేడ మీద చక్కటి లేఅవుట్ కట్టాడని తెలిసి, మా సెక్షన్లో కీమన్‌గా, అంటే రోజూ పట్టాల వెంట నడిచి చూసుకునే మనిషిగా చేసి రిటైరైన పెద్దాయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన పట్టాలను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా వంగి చూసుకుంటూ పోయాడు. రైలు రెండుసార్లు తిరిగింది, ఆయన దాని వంక చూడలేదు. చివరికి అడిగాడు:

“అంతా బాగుంది నాయనా. కీమన్ యాడ నడుచ్చాడు?”

కుర్రాడికి అర్థం కాలేదు. పెద్దాయన వేలుతో చూపించాడు. కంకర గట్టు దిగిన చోట, సెస్ అనే చదును నేల మీద, రోజూ సుత్తీ జెండాలూ పట్టుకుని పోయి వచ్చే మనిషి పాదాలకు గడ్డి చచ్చి ఒక సన్నటి దోవ పడుతుంది. కల్వర్టు దగ్గర అది కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కుతుంది. గేటు దగ్గర ఊరివాళ్ల దోవతో కలుస్తుంది. ఆ కుర్రాడు మర్నాడే ఆ దోవ వేసి ఫొటో పంపాడు. అంతకు ముందు అది మంచి మోడల్. ఆ గీత పడ్డాక మనుషులున్న చోటు.

ఎత్తులూ వెడల్పుల దగ్గర రాజీ తప్పదు. రాజమండ్రి హావ్‌లాక్ వంతెన 1900లో మొదలైంది, 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. 56 స్పాన్లు, ఒక్కోటి 150 అడుగులు. హెచ్ఓలో ఒక్క స్పాన్ 52 సెంటీమీటర్లు దాటుతుంది, మొత్తం వంతెన 30 మీటర్లకు అటూ ఇటూ. ఏ ఇంట్లో పడుతుంది? ఐదు స్పాన్లతో సరిపెట్టుకోవాలి. తప్పు లేదు. స్పాన్ల సంఖ్య తగ్గించండి, కానీ ఒక్కో స్పాన్ పొడవుకీ ఎత్తుకీ ఉన్న పొందిక మార్చొద్దు. రాతి స్తంభాల మీద వరద గుర్తు, ఎండాకాలపు ఇసుక తిన్నె మరవొద్దు. ఆ రెండూ ఉంటే ఐదు స్పాన్లలోనే గోదావరి అవుతుంది. చెట్లనైతే అందరూ కురచ చేస్తారు. ఇరవై మీటర్ల తాడిచెట్టు 23 సెంటీమీటర్లు రావాలి. స్టేషన్ గది కన్నా నాలుగింతల ఎత్తు. అలా పెడితే మొదట వింతగా అనిపిస్తుంది, ఆ తర్వాత మన ఊరు అనిపిస్తుంది.

ఇదంతా వయసైపోయినవాళ్ల ఆటబొమ్మల పిచ్చి అనేవాళ్లున్నారు. అననివ్వండి. సంక్రాంతికి బొమ్మల కొలువులో ఇసుక పోసి, ఆవాలు మొలిపించి పొలం చేసి, అద్దం ముక్కతో చెరువు పెట్టిన తల్లులను మనం పిచ్చివాళ్లు అనలేదు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకులు వేసి, తాడెక్కే గీత కార్మికుణ్ణీ ఎడ్లబండినీ చేసేవాళ్లున్నారు. 19 మిల్లీమీటర్ల మనిషి పొణికి చెక్కలో రాకపోవచ్చు, పెద్ద స్కేల్లో తప్పక వస్తాడు. విదేశీ కేటలాగుల్లో టోపీ పెట్టుకున్న ప్రయాణికుల బొమ్మలు వెతుక్కునే మన క్లబ్బులవాళ్లు ఒకసారి కొండపల్లి వెళ్లి కూర్చుంటే బాగుంటుంది. పుణెలో భావుసాహెబ్ జోషీ కట్టిన సూక్ష్మ రైళ్ల మ్యూజియం 1998 నుంచి జనానికి తెరిచే ఉంది. తెలుగు ఊళ్లను, తెలుగు స్టేషన్లను అలా చూపించే చోటు నా ఎరుకలో మనకు లేదు.

ఈ పనికి ఇంకో విలువ ఉందని నాకు నమ్మకం కలిగించింది ఇంగ్లండులోని పెండన్ మ్యూజియం. రాయ్ ఇంగ్లండ్ అనే ఆస్ట్రేలియా యువకుడు 1920ల్లో అక్కడికి వచ్చాడు. గడ్డికప్పు ఇళ్లున్న ఊళ్లు మారిపోతుండటం చూసి, పోయేలోపు వాటిని కొలిచి అసలులో 76వ వంతుకు కట్టి పెట్టాలనుకున్నాడు. అట్టతో కట్టిన ఆ ఇళ్ల గోడల్లో రాయికీ రాయికీ రంగు తేడా ఉంటుంది, పెరట్లో ఏ పాదు ఎక్కడుందో ఉంటుంది. ఆయన తర్వాత కూడా ఆ పని ఆగలేదు. అమెరికాలో జాన్ అలెన్ సంగతి దానికి తలకిందులు. తుప్పూ మసీ మరకలూ మోడల్‌కు ప్రాణం పోస్తాయని ఒక తరానికి నేర్పిన మనిషి. ఆయన 1973 జనవరిలో పోయారు, కొద్ది రోజులకే ఆయన కట్టిన లేఅవుట్ మంటల్లో కాలిపోయింది. కానీ ఆయన ఫొటోలు బాగా తీసేవారు. ఈనాటికీ జనం ఆ ఫొటోలు చూసే నేర్చుకుంటున్నారు.

మన దగ్గర కట్టడమూ లేదు, ఫొటోలూ అంతంతమాత్రమే. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద దేశంలో 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. నేను దాన్ని తప్పుపట్టను. ముసలివాళ్లకు లిఫ్టు కావాలి, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. పాత పెంకులు చూసి మురిసిపోతూ ఆ పనులను ఆపమనడం అన్యాయం. నేనడిగేది ఒక్కటే. కూల్చే ముందు కొలవండి. ఇంజినీరింగ్ ఆఫీసుల్లో పాత వంతెనల, భవనాల కంప్లీషన్ డ్రాయింగులు ఉంటాయి. వాడకంలోంచి తీసేసిన కట్టడాల డ్రాయింగులతో భద్రతకు ముప్పేమీ లేదు. వాటిని స్కాన్ చేసి జనానికి అందుబాటులో పెట్టవచ్చు. పాలిటెక్నిక్ సివిల్ విద్యార్థులు సర్వే ప్రాక్టికల్స్ పేరుతో ఏటా కాలేజీ మైదానాన్నే కొలుస్తారు. ఆ మైదానం కొలతలు సీనియర్ల రికార్డుల్లో ఎప్పుడో ఉన్నాయి. వాళ్లకు ఒక పాత గేటు గదిని, ఒక ల్యాంప్ రూమును, ఆవిరి ఇంజిన్లకు నీళ్లు పట్టిన ట్యాంకును అప్పజెప్పండి. అనుమతి కాగితం ఒకటి ఇస్తే చాలు. కెమెరా తీయగానే అనుమానంగా చూసే అలవాటు మానితే ఇంకా మంచిది.

అంతవరకూ ఆగలేనివాళ్లు సొంతంగా మొదలుపెట్టవచ్చు. పట్టాల మీదికి మాత్రం దిగొద్దు. ప్లాట్‌ఫాం మీదో రోడ్డు వైపో నిలబడి, అనుమతి అడిగి తీసుకోండి. మీటరు కర్రకు పది సెంటీమీటర్లకొకటి చొప్పున నలుపూ తెలుపూ పట్టీలు వేసి గోడకు ఆనించి, గోడకు ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే కొలతలు ఆ తర్వాత ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. పది ఇటుక వరసల ఎత్తు ఒకసారి కొలిస్తే చాలు, మిగతా గోడంతా వరసలు లెక్కపెట్టుకోవడమే. తలుపు, కిటికీ, మెట్టు ఎత్తు రాసుకోండి. పిట్టగోడ కింది నీటి చారలు ఎంత పొడవున్నాయో చూడండి. అందరూ ముందువైపే తీస్తారు, వెనకవైపుకు కూడా వెళ్లండి. మోరీ, నీళ్ల గొట్టం, విరిగిన కుర్చీలు, ఎవరో ఆరేసిన తువ్వాలు, గోడ పగులులో మొలిచిన రావిమొక్క అక్కడే ఉంటాయి.